సెలవు రోజు పన్లో ఉన్నవాళ్ళు

గోడ మీది కాగితాన్ని సూపర్‌వైజర్ వెంకటేశ్వర్లు అందరి ముందూ గోళ్ళతో గీకి గీకి చింపాడు. చేతులు కడుక్కునే కొళాయిల పైన, ఆడవాళ్ళందరికీ కనిపించేచోట, మహిత ఆ పొద్దున్నే దాన్ని అంటించింది. అందులో రెండు పేర్లున్నాయి. నిర్మలమ్మ, సెల్వి. పేర్ల కింద ఆరేళ్ళ కిందటి ఆగస్టు పదిహేను తేదీ. దాని కింద ఒకే ఒక్క మాట: ఈసారి జెండా ఎగరేసినాక ఈ పేర్లు చదవాల.

చింపిన ముక్కల్ని నలిపి మామిడి టెంకల తొట్టిలో పడేశాడు వెంకటేశ్వర్లు. "పండగ పూట సచ్చినోళ్ళ పేర్లేందమ్మా? ఇంకోసారి గోడ మీద ఏమన్నా అగుపడిందో, అంటించినోళ్ళు గేటు బయటుంటారు" అన్నాడు.

నలభై మంది ఆడవాళ్ళు కత్తులు బల్లల మీద పెట్టి చూస్తూ నిలబడ్డారు. నలభై మందిలో ముప్ఫై తొమ్మిది మందికి కోపం వచ్చింది. పంకజాక్షికి అసూయ పుట్టింది.

దాచుకోవడం దేనికి, ఉన్నమాటే చెప్పుకుందాం. పూతలపట్టు దాటినాక రోడ్డు పక్కనున్న ఆ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పద్నాలుగు సీజన్లుగా పనిచేస్తోంది పంకజాక్షి. మాగిన తోతాపురి కాయల్ని తొడిమ కోసి, మచ్చలు చెక్కి, యంత్రంలోకి తోసే పని. సొన పడి ఆమె వేళ్ళ చర్మం ఎన్నిసార్లు ఊడి వచ్చిందో లెక్కలేదు. ఇన్నేళ్ళలో ఏనాడూ ఆమె మాటకు ఇంతమంది కత్తులు దించలేదు. డిగ్రీ చదివి, ఉద్యోగం దొరక్క ఈ సీజన్‌లోనే బల్ల దగ్గరికి వచ్చిన ఇరవై రెండేళ్ళ పిల్ల ఒక కాగితం అంటించిందో లేదో, మొత్తం ఫ్యాక్టరీ ఆగిపోయింది.

"తల్లి బుద్ధులే వచ్చినాయి దీనికి" అని పళ్ళు నూరుకుంది.

తల్లి నిర్మలమ్మ. బతికున్నన్నాళ్ళూ మొదటి బల్లలో మొదటి చోటు ఆమెది. అక్కడ కిటికీ ఉంది, గాలి వస్తుంది. రెండో చోటు పంకజాక్షిది. అక్కడికి గాలి రాదు, నిర్మలమ్మ నవ్వు మాత్రం వినిపిస్తుంది. నిర్మలమ్మ ఒక్క మాటంటే నాలుగు బల్లలూ నవ్వేవి. ఆమె అన్నం డబ్బా తెరిస్తే చెనక్కాయల పచ్చడి కోసం ఎనిమిది చేతులు వచ్చేవి. పంకజాక్షి కూడా పచ్చడి తెచ్చేది. అంతకన్నా బాగా నూరి తెచ్చేది. తెచ్చింది తెచ్చినట్టు ఇంటికి తీసుకుపోయేది. ఎనిమిదేళ్ళు ఇదే వరస. కడుపు మండక చస్తుందా?

ఆ బల్లల దగ్గర ఒక ఆచారం ఉంది. ఎవరైనా ఒకరోజు రాలేకపోతే ఆమె చోటు ఖాళీగా ఉంచి, అటూ ఇటూ ఉన్నవాళ్ళు ఆమె కాయలు కూడా పంచుకుని కోస్తారు. అలా చెయ్యకపోతే గేటు దగ్గర పని కోసం నిలబడ్డ కొత్తమనిషిని సూపర్‌వైజర్ తెచ్చి ఆ చోట్లో పెట్టేస్తాడు. మర్నాడు వచ్చినామె ఏడుస్తూ ఇంటికి పోవాల్సిందే. దీన్ని చోటు కాయడం అంటారు. జ్వరమొచ్చినా కాస్తారు, కానుపైనా కాస్తారు. నిన్న జుట్లు పట్టుకుని తిట్టుకున్న మనిషికైనా సరే, కాస్తారు. ఇది యజమాని నేర్పింది కాదు. ఆడవాళ్ళు తమకు తాముగా కట్టుకున్నది.

ఆ మధ్యాహ్నం ఖాళీ క్రేట్లు పేర్చిన రేకుల షెడ్డు కింద అన్నం డబ్బాలు పట్టుకుని అందరూ చేరారు. మహిత క్రేటు మీద కూర్చుని మెల్లగానే మాట్లాడింది.

"మా అమ్మ దొంగ అని కాగితాల్లో ఉండాది అక్కా. ఆ దినం ఫ్యాక్టరీకి సెలవంట. పన్లో ఎవురూ లేరంట. మా అమ్మా, సెల్వీ గుజ్జు డబ్బాలు దొంగిలించడానికి గోడ దూకి వచ్చినారంట. ఆవిరి గొట్టం పగిలితే వాళ్ళ తలరాతంట. ఇది రాసినోళ్ళు సార్లు. సంతకాలు పెట్టినోళ్ళు మీరు. నేను మిమ్మల్ని తిట్టడానికి రాలా. ఆ దినం ఈడ పని జరిగినాది, వాళ్ళిద్దరూ పన్లో సచ్చిపోయినారని జెండా కింద నిలబడి చెప్పాల. అంతే."

ఎవరూ అన్నం కలపలేదు. నిజం అందరికీ తెలిసిందే. ఆ ఏడాది ఆగస్టు పదిహేనున యజమాని హరినాథ్ పొద్దున జెండా ఎగరేసి, లడ్లు పంచి, తర్వాత అందర్నీ లోపలికి తోలాడు. కాయ కుళ్ళిపోతోంది కాబట్టి పని జరగాలి. జాతీయ సెలవు రోజు పని జరిగితే కేసవుతుంది కాబట్టి ఎవరికీ కనపడకూడదు. అందుకని తలుపులన్నిటికీ బయట తాళాలు పడ్డాయి. గుజ్జు ఉడికే గదికి కూడా పడింది. తాళంచెవి వెంకటేశ్వర్లు జేబులో ఉంది, వెంకటేశ్వర్లు చిత్తూరులో ఉన్నాడు. అతను వచ్చేసరికి గదిలో అరుపులు ఆగిపోయాయి. అలా జరిగింది మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజున.

మొదట నోరు విప్పింది చంద్రకాంతమ్మ. ఆమె మాటంటే అందరికీ గౌరవం. కొడుకు సైన్యంలో ఉన్నాడు.

"పాపా, నా కొడుకు మంచుకొండల్లో తుపాకి పట్టుకోని నిలబడుండాడు. ఎందుకు? ఆ జెండా కోసరమే గదా. అది దేశం పండగ. ఆ పొద్దు మన ఏడుపు ముందేసుకుంటే జెండా మర్యాద తీసినట్ల గాదా? ఇంకో దినం పెట్టుకుందాం. నేనే ముందు నిలబడతా."

"ఇంకో దినం యాణ్ణించి తెచ్చేది పెద్దమ్మా? మా అమ్మ ఆ దినమే సచ్చింది. జెండా ఎగరేసిన గంటలోపల సచ్చింది."

వెనక నుంచి ఎవరో అన్నారు. "జెండా కాడ గాంధీ కాణ్ణించి మొదులుపెట్టి అన్ని పేర్లూ చదువుతారు గదా, వాళ్ళేమన్నా బతికుండారా? వాళ్ళ పేర్లు శుభం, మనోళ్ళ పేర్లు అశుభమా?"

నవ్వు లేచింది. చంద్రకాంతమ్మ నవ్వలేదు, తల దించుకుని ఆలోచనలో పడింది. గుంపు మొత్తం మహిత వైపు ఒరుగుతోందని పంకజాక్షికి తెలిసిపోయింది. ఒరిగే గుంపును చూసి ఆమె ఒళ్ళు మండిపోయింది. లేచి నిలబడింది.

"ఎవురు మాట్లాడతా ఉండేది? సీజన్‌కొచ్చి పొయ్యే పిల్ల. రేపు దీనికి యాడో ఉద్యోగమొస్తే చున్నీ ఎగరేసుకోని పోతాది. గేటు బయట ఎండలో నిలబడేది మనం. గమ్మునుండి పని జేసుకోండి."

మహిత కోపం తెచ్చుకోలేదు. "సరే పంకజత్తా, పోతాలే. పొయ్యేముందు ఒకటి చెప్పు. ఉడుకు గదికి వంతు ప్రకారం పోతారు గదా. ఆ పొద్దు మా అమ్మ వంతు గాదంట. ఎవురిది?"

పాతవాళ్ళు డబ్బాల మూతలు పెట్టుకోసాగారు.

"నాకు గుర్తులేదు" అంది పంకజాక్షి.

గుర్తు లేకపోవడమేమిటి! ఆ రోజు వంతు ఆమెదే. వెంకటేశ్వర్లు వచ్చి పిలిస్తే, "నిర్మలమ్మను పిల్సుకోని పో అప్పా, ఆమె చెయ్యి చురుకు గదా, అందురూ అంటారు" అని ఎత్తిపొడిచింది. ఒక్క పూట ఆ కిటికీ దగ్గర నిలబడాలని ఆశ. నిర్మలమ్మ నవ్వుతూ వెళ్ళింది, "నా చోటు కాయండి మే" అంటూ. ఆ పూట పంకజాక్షికి గాలి బాగా తగిలింది. ఆ తర్వాత ఆరు సీజన్లుగా మొదటి చోటు ఆమెదే. పాతవాళ్ళలో సగం మందికి ఈ సంగతి తెలుసు. అబద్ధపు కాగితం మీద సంతకాలు పెట్టిన చేతులు గనక ఎవరూ ఎవరికేసీ వేలు చూపలేదు. యజమానికి కావలసింది కూడా అదే. తన నేరంలో మనందరికీ తలా కాస్త పంచిపెడితే, మనం ఒకరి మొహం ఒకరు చూసుకోలేక నోరు మూసుకుంటామని అతనికి బాగా తెలుసు.

పండగ ఇంకా మూడు రోజులుందనగా హరినాథ్ పంకజాక్షిని ఆఫీసుకు పిలిపించాడు. చల్లటి గది. గోడ మీద అతని తాత ఫొటో, దండ వేసి ఉంది. స్వాతంత్ర్యం కోసం జైలుకు పోయిన మనిషని ప్రతి ఏడాదీ మైకులో చెబుతారు.

"కూర్చోండి పంకజాక్షమ్మా" అన్నాడు. పద్నాలుగు సీజన్లలో ఆమెను అక్కడ కూర్చోమన్నది అదే మొదలు. "ఈసారి ముఖ్య అతిథి వస్తారు, పేపరు వాళ్ళొస్తారు. కానీ జెండా తాడు లాగేది మీరే. పని చేసే చేతితో ఎగరాలని నా కోరిక."

ఆమె కుర్చీ అంచున కూర్చుంది.

"ఆ పాప చిన్నది, ఆవేశపడతా ఉండాది. పెద్దోళ్ళు మీరు సర్దిచెప్పాల." కాస్త ముందుకు వంగి గొంతు తగ్గించాడు. "నిర్మలమ్మ ఉన్నప్పుడు పేరు ఆమెకొచ్చేది గానీ, అసలు పనిమంతురాలు మీరేనని నాకు అప్పుడే తెలుసు."

ఎనిమిదేళ్ళు ఎదురుచూసిన మాట. ఎవరి నోట వినాలనుకుందో వాళ్ళ నోట రాలేదు గానీ, వచ్చింది. యజమానులకు మన ఊరి పేరు గుర్తుండదు, మన బిడ్డల పేర్లు గుర్తుండవు. మనలో ఎవరికి ఎవరంటే పడదో మాత్రం మర్చిపోరు.

ఆ మూడు రోజులూ పంకజాక్షి బల్ల బల్లకూ తిరిగింది. "కూలి మనిషి జెండా ఎగరేస్తా ఉండాది, మీకు గొప్ప గాదా? దాన్ని ఎందుకు సెడగొట్టేది?" అని అడిగింది. కొంతమంది మెత్తబడ్డారు. కొంతమందికి గేటు బయటి ఎండ గుర్తొచ్చింది. జట్టు రెండు ముక్కలైంది. ఆ చీలిక చూసి ఆమెకు సంతోషమే కలిగింది, ఆ సంగతీ దాచక్కర్లేదు.

మహిత మాత్రం కొళాయిల దగ్గర ఎదురుపడి, "ఎగరెయ్ అత్తా, మంచిదే. ఎగరేసినాక ఆ రెండు పేర్లూ నువ్వే చెప్పు. నేను అడగను గూడా అడగను" అంది.

అంత సులువుగా మెట్టు దిగి నిలబడగలిగిన పిల్లను చూస్తే పంకజాక్షికి ఇంకా కుళ్ళు పుట్టింది.

పండగ రోజు ఎనిమిదిన్నరకు ఫ్యాక్టరీ ఆవరణలో సున్నంతో గీతలు గీశారు. వేదిక మీద ముఖ్య అతిథి, హరినాథ్, పక్కన మైకు. గేటు దగ్గర ఇద్దరు పోలీసులు, వాళ్ళ జీపు. పంకజాక్షి కొత్త చీర కట్టుకుని జెండా కర్ర దగ్గర నిలబడింది. కెమెరాలు ఆమె వైపే ఉన్నాయి. ఇన్నాళ్ళకు ఆమె ముందుంది, అందరూ వెనకున్నారు.

బల్లల వారీగా వరసలు కట్టమన్నాడు వెంకటేశ్వర్లు. కట్టారు. కట్టినాక చూస్తే వరసల్లో ఖాళీలున్నాయి.

"సందుల్లేకుండా నిలబడండమ్మా, ఫొటోలో బాగుండదు!"

ఎవరూ జరగలేదు. మొదటి వరసలో నుంచి చంద్రకాంతమ్మ అంది. "సందులు గాదప్పా. చోట్లు కాస్తా ఉండాము."

అప్పుడు చూసింది పంకజాక్షి. వాళ్ళు ఈనాటి వరసలో లేరు. ఆరేళ్ళ కిందటి వరసలో నిలబడ్డారు. తర్వాత చేరినవాళ్ళంతా మహితతో కలిసి వెనక ఉన్నారు. నాలుగో వరస చివర సెల్వి చోటు ఖాళీ. మొదటి వరసలో మొదటిది, నిర్మలమ్మ చోటు ఖాళీ. దాని పక్కనే ఇంకొకటి ఖాళీగా ఉంది. చంద్రకాంతమ్మ మూడో చోట నిలబడి, ఆ ఖాళీలోకి ఎవరూ రాకుండా మోచెయ్యి కాస్త చాపి ఉంచింది.

ఆ రెండో చోటు తనది.

జట్టును చీల్చిన మనిషికి చోటు కాస్తారా? వంతు ఎవరిదో తెలిసినవాళ్ళు, తెలిసీ కాస్తారా? పంకజాక్షి మొదట నమ్మలేదు. తర్వాత సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. ఎనిమిదేళ్ళు ఆమె ఎవరిని చూసి కుళ్ళుకుందో ఆ మనిషి పక్కన, చచ్చినా బతికినా, ఆమెకు ఒక చోటుంది. వేదిక దగ్గరున్న ఈ చోటు మాత్రం హరినాథ్ ఇచ్చింది. సాయంత్రానికి తీసేసుకుంటాడు.

"లాగండమ్మా" అన్నాడు హరినాథ్.

లాగింది. పూలు రాలాయి, జెండా విచ్చుకుంది. అందరితో పాటు పాట పాడింది. పాట అయిపోగానే, ఎవరూ అడ్డం వచ్చేలోపల, రెండంగల్లో వెళ్ళి మైకు పట్టుకుంది.

"నా పేరు పంకజాక్షి. ఆరేండ్ల కిందట ఈ దినం, ఈ జెండా ఎగరేసినాక, మాకు ఈడ పని పెట్టినారు. ఉడుకు గదికి పొయ్యే వంతు నాది. నేను పోలా. నిర్మలమ్మను పంపమని నేనే చెప్పినా. ఆమంటే నాకు కుళ్ళు. మహితా, నువ్వడిగింది ఇదే గదా, ఇదో చెప్పినా. దానికి నువ్వేమన్నా నేను పడతా. కానీ, పిల్లా, బయట తాళమేసింది నేను గాదు. సచ్చినాక మీ అమ్మను దొంగను జేసింది..."

వెంకటేశ్వర్లు మైకు తీగ పీకేశాడు. ఆమె గొంతు చించుకుని అరిచింది. "నిర్మలమ్మ దొంగ గాదు! సెల్వి దొంగ గాదు! పన్లో సచ్చినారు!"

హరినాథ్ వేదిక దిగి వచ్చాడు. "జాతీయ పండగను అవమానిస్తా ఉండారు! ఎవురికీ దేశమంటే భక్తి లేదా?" అని గద్దించాడు.

చంద్రకాంతమ్మ వరసలో నుంచి ఒక అడుగు ముందుకు వేసింది.

"అవమానం యాడుండాది సారూ? రేపు నా కొడుక్కు ఏమన్నా అయితే ఇదే జెండా కప్పి తెచ్చి నా ముందర పెడతారు. సచ్చినోళ్ళను తల్సుకుంటే ఆ జెండాకు మైల అంటదు. అబద్ధమాడితే అంటాది." వెనక్కి తిరిగి తన చోటు చూపించింది. "మొదటి బల్ల, మూడో చోటు. ఆ దినం నేను పన్లో ఉన్నా. ఇంట్లో ఉన్నానని పెట్టిన సంతకం అబద్ధం."

తర్వాత ఆమె పక్క నుంచి ఇంకో గొంతు.

"మొదటి బల్ల, నాలుగో చోటు. పన్లో ఉన్నా."

"రెండో బల్ల, మొదటి చోటు. నేనూ ఉన్నా. సెల్వి అరుపులు విన్నా."

"మూడో బల్ల. తలుపు బాదినోళ్ళలో నేనుండా. ఇదో చెయ్యి, ఇంకా వంకరే."

వరసలో ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. కొందరు అరిచారు, కొందరికి ఏడుపుతో మాట తెగిపోయింది, పక్కవాళ్ళు అందుకున్నారు. మూడు రోజుల కిందట మెత్తబడ్డవాళ్ళు కూడా చెప్పారు. నాలుగు వరసలూ అయిపోయాక వెనక నుంచి కొత్తవాళ్ళు అందుకున్నారు. "మేం ఆ దినం లేము. ఈ పొద్దు ఉండాము!"

ముఖ్య అతిథి కారెక్కి వెళ్ళిపోయాడు. లడ్ల పళ్ళెం పట్టుకుని నిలబడ్డ మనిషి దగ్గరికి ఒక్కరూ పోలేదు. పోలీసులు వచ్చి పంకజాక్షి రెక్క పట్టుకున్నారు. "జెండా పండగ చెడగొట్టినందుకు" అని మహితను కూడా లాక్కొచ్చి జీపెక్కించారు.

జీపులో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. మహిత బయటి రోడ్డు చూస్తోంది. పంకజాక్షే అంది. "తిట్టు పాపా."

"తిడతా. ఇప్పుడు గాదు." మహిత ఇటు తిరిగింది. "ఆరేండ్లు మా యింటి ముందర పోతా, మా నాయన్ను పలకరిస్తా, ఒక్క దినమన్నా చెప్పలా నువ్వు. నేను నిన్ను క్షమించలా అత్తా. క్షమిస్తానో లేదో గూడా తెలీదు. కానీ కోర్టు మెట్లెక్కి ఇదే మాట చెప్పాల నువ్వు. మాట మారిస్తే మాత్రం సూడు."

"మార్సను" అంది పంకజాక్షి.

స్టేషన్లో ఎస్సై చిరాగ్గా ఉన్నాడు. "ఒక ముసిల్ది మైకు పట్టుకోని ఏదో అరిస్తే పాత కేసు తిరగబడుతుందా? మతి లేదని రాసి పంపించెయ్యండి" అన్నాడు. ఆ మాట పూర్తవకముందే బయట ఆటోల చప్పుడైంది. ఒకటి, రెండు, నాలుగు. పండగ చీరలతోనే దిగారు అందరూ. ముందు చంద్రకాంతమ్మ, వెనక ఇరవై ఆరు మంది.

"ఆరేండ్ల కిందట ఈ దినం మేమంతా పన్లో ఉన్నామని రాసుకో సార్" అంది చంద్రకాంతమ్మ. "తలా ఒకటి రాసుకో. చదవకుండా పెట్టినట్ల గాదు, ఈసారి మేమే చదువుకోని సంతకాలు పెడతాము."

ఎస్సై ఆ గుంపును చూసి మెత్తబడ్డట్టు నటించాడు. "చూడండమ్మా, ఈ రోజు సెలవు. సిబ్బంది లేరు. రేపు రాండి."

"రేపు గాదు సార్, ఈ పొద్దే" అంది చంద్రకాంతమ్మ. "సెలవు రోజు పని మాకు అలవాటే. కూసుంటాము."

వరండాలో పెద్ద నవ్వు లేచింది. ఇరవై ఆరు మందీ గచ్చు మీద చతికిలబడ్డారు. ఇంత మంచి మాట చంద్రకాంతమ్మకు తట్టి తనకు తట్టనందుకు లోపలున్న పంకజాక్షికి మళ్ళీ కుళ్ళు పుట్టింది. పుట్టనీ. ఆమె లేచి, కానిస్టేబుల్ వద్దంటున్నా వినకుండా బయటికి వచ్చి, వాళ్ళ మధ్యలో దూరి కూర్చుంది.

లోపల ఎస్సై రాసుకోవడానికి తెల్లకాగితాల కోసం బీరువా తెరిచాడు.